ఇల్లు అమ్మబడును

2025 ఏప్రిల్‌లో మా ఇల్లు అమ్మకానికి పెట్టాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో పదకొండేళ్లు ఉన్న ఇల్లు. ఉద్యోగం సియాటిల్‌కి మారింది, కదలక తప్పలేదు. ఇల్లు కొనడం గురించైతే మనవాళ్లు ఏ పార్టీలో కలిసినా గంటలు గంటలు మాట్లాడతారు. వడ్డీ రేట్లు, స్కూళ్ల రేటింగులు, వాస్తు... అమ్మడం గురించి ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఏజెంటు ఒక అమెరికనావిడ. మొదటిరోజు ఇల్లంతా తిరిగి, బావుందని మెచ్చుకుని, తరవాత తీరిగ్గా కూర్చుని జాబితా చదివింది. గోడల మీద ఫ్యామిలీ ఫొటోలు తీసెయ్యాలి. వంటింటి గట్టు మీద ఒక్క వస్తువు కూడా ఉండకూడదు (మా వెట్ గ్రైండరు గరాజ్‌లోకి పోయింది). ఫ్రిజ్ మీద మా అమ్మాయి వేసిన బొమ్మలు ఉండకూడదు. ఫొటోగ్రాఫర్ వచ్చే రోజు అన్ని లైట్లూ వేసి ఉంచాలి. ఎందుకంటే కొనేవాడు ఇంటికి రాకముందే ఫోన్లో ఫొటోలు చూసి సగం నిర్ణయానికి వచ్చేస్తాడు. పైగా ఇల్లు మార్కెట్లోకి వచ్చి ఎన్ని రోజులైందో అందరికీ కనబడుతుంది. ఆ అంకె పెరిగేకొద్దీ "ఈ ఇంట్లో ఏదో లోపం ఉండి ఉంటుంది" అని అనుమానం, దాని వెనకే బేరం. కాబట్టి మొదటి వారమే ముఖ్యం. మన ప్రొడక్షన్ రిలీజ్ లాగే అన్నమాట. మొదటిరోజు పడిపోతే తరవాత ఎన్ని ప్యాచ్‌లు వేసినా పోయిన పేరు తిరిగి రాదు.

అంతవరకు సరే. చివర్లో దేవుడి అల్మరా దగ్గర ఆగి, "ఇవి కూడా తీసి భద్రంగా దాచుకోండి" అంది, చాలా మర్యాదగానే. మా ఆవిడ మొహం మాడిపోయింది. ఆ రాత్రి ఫోన్లో చెబితే మా అమ్మ, "దేవుణ్ణి అట్టపెట్టెలో పెట్టి ఇల్లు అమ్ముకుంటార్రా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. పటాలు చూసి వెనక్కి తిరిగి పోయేవాళ్లు కూడా ఉంటారేమో. ఏజెంటు ఆ మాట అనలేదు, నేనూ అడగలేదు.

దానితోపాటు పోపు కూడా నిషేధం. గంట ముందు మెసేజ్ వస్తుంది, ఎవరో చూడ్డానికి వస్తున్నారని. పక్కలు సర్ది, చెత్తబుట్ట దాచి, పార్కు పక్కన కారులో కూర్చుని డబ్బాలోంచి పెరుగన్నం తినేవాళ్లం. సొంత ఇంటికి మేమే అతిథులం :)

సరే, అసలు విషయానికి వస్తాను. ప్రకటన నేనే రాస్తానని పట్టుబట్టాను. ఇరవయ్యేళ్లుగా డిజైన్ డాక్యుమెంట్లు రాస్తున్నవాణ్ణి, ఇదో లెక్కా అనుకున్నాను. తూర్పు వాకిలి, నాలుగు పడక గదులు, కొత్తగా మార్పించిన ఏసీ, పెరట్లో పెకాన్ చెట్టు అని మొదలుపెట్టి, "వీధిలో ఎక్కువమంది తెలుగువాళ్లే, చదువుకున్న కుటుంబాలు, గుడి దగ్గర, పిల్లలున్న కుటుంబానికి చాలా అనువైనది" అని ముగించాను. కొనేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ కదా, మార్కెట్‌ని బట్టే రాశాననుకున్నాను.

ఏజెంటు రెండో సగం మొత్తం కొట్టేసింది. తూర్పు వాకిలి ఉంచింది. అది ఇంటి గురించి కాబట్టి. మిగిలినవి మనుషుల గురించి. అమెరికాలో ఫెయిర్ హౌసింగ్ చట్టమని ఒకటుంది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 11న, ప్రెసిడెంట్ జాన్సన్ దాని మీద సంతకం పెట్టాడు. (ఆయనా టెక్సస్ వాడే.) జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అమ్మననకూడదు. 1974లో ఆడా మగా తేడా, 1988లో వైకల్యం, పిల్లలున్నారా లేదా అన్నవి కూడా ఆ జాబితాలో చేరాయి. అమ్మకపోవడం సంగతి అలా ఉంచండి, ఫలానావాళ్లైతే బావుంటుందన్న ఇష్టం ప్రకటనలో కనబడటమే తప్పు. "నేనెవర్నీ వద్దనలేదుగా, రమ్మన్నాను" అన్నాను. "తెలుగువాడు కాని మనిషి ఇది చదివితే ఏమనుకుంటాడు?" అంది.

నాకు 2003 గుర్తొచ్చింది. అమీర్‌పేటలో గది కోసం తిరుగుతున్న రోజులు. ఒక ఇంటి ముందు టు-లెట్ బోర్డు చూసి లోపలికెళ్లాను. ఇంటావిడ మంచినీళ్లిచ్చింది, ఏ కోర్సు చేస్తున్నావని అడిగింది, ఆ తరవాత "ఏవిట్లు బాబూ మీరు?" అంది. చెప్పాను. "మా మేనల్లుడు వస్తానంటున్నాడు నాయనా, వాడి సంగతి తేల్చుకుని చెప్తా" అంది. రెండు వారాల తరవాత అటు వెళ్తే బోర్డు అలాగే వేలాడుతోంది. ఆవిడ ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

ఆ వారాంతంలోనే రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటిది ఎవరో, పేరు చదవడం కూడా సరిగ్గా రాలేదు. రెండోది తెలుగు పేరు. దాంతోపాటు ఒక ఉత్తరం, కుటుంబం ఫొటో జతచేశారట. ఇక్కడ కొనేవాళ్లు అమ్మేవాళ్లకి ఇలాంటివి రాయడం మామూలే. ఆరెగన్ రాష్ట్రం 2021లో ఈ ఉత్తరాల్ని అమ్మేవాళ్లకి అందించకూడదని చట్టం చేస్తే, 2022లో ఫెడరల్ కోర్టు దాన్ని ఆపేసింది. "పంపమంటే పంపుతాను, కానీ చదవకుండా ఉంటేనే మంచిది" అంది ఏజెంటు. వద్దన్నాను.

కానీ ఆఫర్ కాగితంలో ఇంటిపేరు ఉంది కదా. అది చూసిన పది సెకన్లలో నా బుర్ర ఏ జిల్లా వాళ్లో, ఏవిట్లో లెక్క కట్టేసింది. నేను అడగలేదు, అదే కట్టేసింది. అమీర్‌పేట ఆవిడ నయం, పైకి అడిగింది.

మా ఆవిడా నేనూ ఒక ఎక్సెల్ షీటు తెరిచి, పేర్లు తీసేసి, ఎ అనీ బి అనీ పెట్టి రాసుకున్నాం. ధర, డౌన్ పేమెంటు, షరతులు, తేదీ. రెండోది ఆరువేల డాలర్లు తక్కువ, పైగా వాళ్ల ఇల్లు అమ్ముడైతేనే మాది కొంటామన్న షరతు. మొదటిదానికే ఇచ్చాం. అంకెలు రెండూ సమానంగా ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణో నిజాయితీగా చెప్పలేను. అలా ఉండకపోవడం నా అదృష్టం.

అల్మరా సంగతి మా అమ్మకి ఇప్పటికీ కోపమే. నాకు మాత్రం కొంత తగ్గింది. ఇల్లు చూడ్డానికొచ్చినవాడికి "ఇక్కడ నేను పనికొస్తానా?" అన్న అనుమానం రాకుండా ఉంటే అదీ మంచిదే అనిపిస్తోంది. నేను ఆ అనుమానంతోనే ఎన్నో గేట్లు తీసుకుని లోపలికి వెళ్లాను మరి.

మీరు ఇల్లు అమ్మేటప్పుడు, అది అమెరికాలో అయినా, కూకట్‌పల్లిలో ఫ్లాట్ అయినా, ప్రకటన రాసి, అందులో ఇంటి గురించి కాకుండా మనుషుల గురించి ఉన్న ప్రతి మాటా కొట్టేసి చూడండి. మిగిలింది చాలదేమోనని నేనూ భయపడ్డాను. తూర్పు వాకిలి, నాలుగు గదులు, ఒక పెకాన్ చెట్టు. తొమ్మిది రోజుల్లో అమ్ముడుపోయింది.