జాతర లేని నాటి మేడారం

మేడారం పేరు వినగానే మనకు జనసముద్రం గుర్తుకు వస్తుంది. రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ, బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుకుంటారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. ఆ నాలుగు రోజుల జాతరకు వచ్చేవారి సంఖ్య కోటి దాటుతుందని ప్రభుత్వం చెబుతుంది. ఉద్యోగధర్మంగా నేను కూడా రెండు జాతరలలో వైద్యశిబిరంలో పనిచేశాను. వాంతులు, విరేచనాలు, సొమ్మసిల్లిన వృద్ధులు, తప్పిపోయిన పిల్లలు, కాలిన చేతులు. రెండుసార్లూ గుడారం దాటి గద్దెల దాకా వెళ్లే తీరిక దొరకలేదు.

2024 కార్తీకమాసంలో ఒక మంగళవారం నాడు, జాతర లేని మేడారానికి మొదటిసారి బయలుదేరాను. రద్దీ లేనప్పుడు ప్రశాంతంగా చూసి రావాలన్న కోరిక కొంత ఉన్నమాట నిజమే. అసలు కారణం మాత్రం వేరు. అది చెప్పాలంటే సుమారు ముప్పై సంవత్సరాల క్రితం నేను చేసిన పొరపాటు ఒకటి ముందుగా మీకు చెప్పుకోవాలి.

అప్పుడు నేను ఒక చిన్న పట్టణంలో పనిచేస్తున్నాను. బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉన్న ఇరవై రెండేళ్ల యువకుడు జ్వరంతో వచ్చాడు. తలనొప్పి, ఒళ్లునొప్పులు, రెండుసార్లు వాంతి. చలి, వణుకు, రోజు విడిచి రోజు వచ్చే జ్వరం వంటి పుస్తకలక్షణాలేవీ లేవు. బయట తిండి తిన్నావా, ఏ నీళ్లు తాగావు అని అడిగాను. తిన్నానన్నాడు. విడాల్ పరీక్ష కొంచెం అనుకూలంగా వచ్చింది. టైఫాయిడ్ అని రాసి, మందులిచ్చి పంపాను. విడాల్ ఒక్కదానినే నమ్మి టైఫాయిడ్ అని తేల్చరాదని నాకు తెలియక కాదు. ఆ రోజు వరుసలో ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు.

నాలుగవ రోజు తెల్లవారుజామున అతని తల్లి, ఇద్దరు ఇరుగుపొరుగువారు కలిసి అతన్ని మోసుకొచ్చారు. కళ్లు పచ్చబడ్డాయి, మాట తడబడుతోంది, తల్లిని గుర్తుపట్టడం లేదు. ప్రయోగశాలలోని సాంకేతికుడు నన్ను అడగకుండానే రక్తపు పూత తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, నన్ను పిలిచి చూపాడు. ఎర్రకణాలలో సన్నని ఉంగరాలు బారులు తీరి ఉన్నాయి. ఫాల్సిపేరం మలేరియా. మెదడుకు సోకింది.

క్వినైన్‌ను గ్లూకోజు సెలైనులో కలిపి నెమ్మదిగా ఎక్కించాము. ఆ మందు రక్తంలోని చక్కెరను పడగొడుతుంది కనుక రాత్రంతా దగ్గరే కూర్చుని పరీక్షిస్తూ వచ్చాను. ఆ రాత్రే ఆమెను అడిగాను, "మీవాడు ఈమధ్య ఏ ఊరికైనా వెళ్లాడా అమ్మా?" అని. "కార్తీకంల వనభోజనాలకని దోస్తులతోని మేడారం పోయిండు సారూ. జాతరప్పుడైతే మంది ఉంటరని ఇప్పుడు పోయిండ్రు. రాత్రి వాగు ఒడ్డున ఇసుకల పన్నరట" అన్నది. జ్వరం మొదలయ్యే నాటికి వారు వెళ్లివచ్చి పదకొండు రోజులు.

జాతర రోజులలో అయితే, మేడారం వెళ్లావా అని వచ్చిన ప్రతి రోగినీ అడిగేవాణ్ణి. అది జాతర కాలం కాదు గనుక ఆ ఊరు నా ఊహకే రాలేదు. అడిగింది తిండినీ నీటినీ గురించి మాత్రమే. రాత్రి ఎక్కడ పడుకున్నావని అడగలేదు.

అతడు బతికాడు. ఇంటికి వెళ్లేనాటికి నలభై నాలుగు కిలోలున్నాడు. ఆ అంకెను కేసుషీటులో నేనే రాశాను. ఆలస్యం నావల్ల జరిగిందని అతని తల్లితో చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "నా కొడుకెత్తు బంగారం తల్లికి మొక్కుకున్న. తప్పు మీదన్నరు గద, అండ్ల సగం మొక్కు మీది డాక్టరు సారూ" అన్నది. మేడారంలో బంగారమంటే బెల్లమని మీకు తెలుసు. వస్తానన్నాను. ఆ తరువాత బదిలీలు, పిల్లల చదువులు, పదవీవిరమణ. వెళ్లలేదు.

ఇన్నేళ్ల తరువాత ఆ బాకీ తీర్చడానికి హనుమకొండలో ఉదయం బయలుదేరాము. ములుగు దగ్గర అందరిలాగే గట్టమ్మ వద్ద ఆగి, పస్రా మీదుగా తాడ్వాయికి చేరాము. తాడ్వాయి నుంచి మేడారం వెళ్లే అడవిదారిలో మా డ్రైవరు వేగం తగ్గించాడు. ఆ ఏడాది ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి ఇక్కడ వేల చెట్లు కూలిపోయాయి. వేళ్లతో సహా పెకలిపోయిన మానులు కొన్ని, నడిమికి విరిగినవి కొన్ని, మూడు నెలల తరువాత కూడా అలాగే పడి ఉన్నాయి.

ఊరు చేరేసరికి పదకొండయింది. జాతరలో బస్సులు, ఎడ్లబండ్లు నిలిచే స్థలాలుగా మాత్రమే నేనెరిగిన నేల అంతా వరిపొలాలు. కోతలు సాగుతున్నాయి. జాతర వచ్చే ఏడాది యాసంగి పంట వేయక, ఈ చుట్టుపక్కల రైతులు తమ భూములను భక్తులకు వదులుతారు. కోటి మంది నిలబడే చోటు కొందరి జీవనాధారమన్న సంగతి గుడారంలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? దుకాణాల వరుసలో నాలుగైదు మాత్రమే తెరిచి ఉన్నాయి. బారులు తీరిన కుళాయిల కింద నేల పొడిగా ఉంది. వరుస కోసం కట్టిన ఇనుపకమ్మీల మధ్య మేకపిల్లలు ఆడుకుంటున్నాయి.

జంపన్నవాగు దగ్గరకు వెళ్లాను. ఒకప్పటి సంపెంగవాగు. కాకతీయ సైన్యంతో జరిగిన పోరులో సమ్మక్క కొడుకు జంపన్న ఇందులో దూకి ప్రాణం విడిచాడని, అప్పటి నుంచి ఆ పేరు వచ్చిందని కోయల కథ. నేను చూసిన నాడు నీరు మోకాలి లోతు, అడుగు రాళ్లు కనిపించేంత తేట. కానీ 2023 జులై చివరి వారంలో ఇదే వాగు పొంగి, గోవిందరాజు కొలువైన కొండాయి గ్రామంలో ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. జాతర కాలంలో స్నానఘట్టాల వద్ద కాపలా ఉంటుంది, ఈతగాళ్లుంటారు. వానాకాలంలో విహారానికి వచ్చే నలుగురు కుర్రవాళ్లకు ఆ కాపలా ఉండదు.

ఒడ్డున వాగు వదిలి వెళ్లిన చిన్న చిన్న మడుగులున్నాయి. అలవాటు కొద్దీ వంగి చూశాను. నీటిపైన అడ్డంగా, ఉపరితలానికి సమాంతరంగా పడుకున్న సన్నని పురుగులు కనిపించాయి. తలకిందులుగా వేలాడేవి క్యూలెక్స్ దోమల పిల్లలు. ఇలా చదునుగా పడుకునేవి మలేరియాను మోసే ఎనాఫిలిస్ జాతివి. దోమ అనగానే మనం మురుగుకాలువను తలచుకుంటాము. మలేరియా దోమలలో పెక్కింటికి కావలసింది ఇటువంటి తేటనీరే. అవి కుట్టేది రాత్రివేళ. ముప్పై ఏళ్ల క్రితం ఆ నలుగురు స్నేహితులు ఇటువంటి ఒడ్డునే ఇసుకలో పడుకుని నక్షత్రాలను చూసి ఉంటారు.

ఈ దోమకూ మలేరియాకూ గల సంబంధం బయటపడింది మన నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, ఒక మలేరియా రోగిని కుట్టిన ఎనాఫిలిస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశం 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని, 1958లో నిర్మూలన కార్యక్రమాన్ని చేపట్టింది. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగివచ్చాయి. ఇక పీడ వదిలిందనుకున్నారు, నిఘా సడలింది. దోమలు మందుకు, క్రిములు మాత్రకు అలవాటుపడడం కూడా తోడైంది. 1976లో కేసులు అరవై నాలుగు లక్షలు దాటాయి. వైద్యకళాశాలలో ఈ అంకెలను మాకు బట్టీ పట్టించారు. నేను పరీక్షలో సరిగ్గా రాసి, ఓపీలో మరచిపోయాను.

గద్దెల వైపు తిరిగివస్తుండగా ఒక ఇంటి ముందు ఆశా కార్యకర్త కనిపించింది. అరుగు మీద ఐదారేళ్ల పిల్లవాడు తల్లి ఒడిలో ముడుచుకుని ఉన్నాడు. జ్వరం. నన్ను నేను పరిచయం చేసుకుని, అభ్యంతరం లేకపోతే చూస్తానన్నాను. ఆమె తలూపి తన పనిలో పడింది. ఒళ్లు ఎంత కాలుతోందో చూడకముందే తల్లిని అడిగింది:

"పది పదిహేను దినాల సంది ఏ ఊరికన్న పోయొచ్చిండ్రా? పిలగాడు రాత్రి యాడ పన్నడు?"

"మా అన్నోళ్ల ఊరికి పోయినం. ఆళ్ల మామతోని చేనుకాడ మంచె మీద పన్నడు," అన్నది తల్లి.

నాకు నోట మాట రాలేదు. నా ముందు చేతులు కట్టుకుని నిలబడిన ఆ గుమాస్తా కుర్రవాడు కళ్లలో మెదిలాడు. ఆమె వేలికొనను గుచ్చి, ఒక చుక్క రక్తం పరీక్షపట్టీ మీద వేసి, గడియారం చూసుకుంటూ కూర్చుంది. ఒకే గీత వచ్చింది. మలేరియా లేదని అర్థం. అయినా అంతటితో వదలక గాజుపలక మీద రక్తపు పూత కూడా తీసింది. రేపు మళ్లీ వస్తానని, రాత్రి మూర్ఛలాగా వచ్చినా, మగతగా ఉన్నా పొద్దు చూడకుండా తాడ్వాయి ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పి సంచి సర్దుకుంది. లేస్తూ నా వైపు తిరిగింది.

"రాత్రి ఈడనే ఉంటరా సారూ?"

"లేదమ్మా, సాయంత్రం వెళ్లిపోతాము. ఎందుకు?"

"ఉంటే దోమతెర తెచ్చుకున్నరా అని అడుగుదామని."

జాతరకు వందలాది మంది వైద్యులం వస్తాము. నాలుగు రోజులుండి వెళ్లిపోతాము. మిగిలిన రెండేళ్లూ ఈ అడవి ఊళ్ల జ్వరాలను ఇంటింటా అడిగి తెలుసుకునేది ఇటువంటి స్త్రీలే. ఆమెకు నమస్కరించాను. ఎందుకో ఆమెకు తెలియదు.

పాఠకులకు ఒక మాట. రద్దీ లేనప్పుడు మేడారం తప్పక వెళ్లండి. లక్నవరం, తాడ్వాయి అడవులు, ఏటూరునాగారం అభయారణ్యం, ఏ అడవికైనా వెళ్లండి. కానీ జనం తక్కువగా ఉన్నారు కనుక ప్రమాదమూ తక్కువే అనుకోకండి. జాతర జరిగేది వానలు వెనుకబడిన చలికాలంలో. మనం ఏకాంతం కోసం ఎంచుకునే వానాకాలం, దాని వెంటనే వచ్చే నెలలు దోమకు అనువైన కాలం. రాత్రి బస చేస్తే దోమతెర కట్టుకోండి, పొద్దువాలగానే చేతులు, కాళ్లు కప్పే దుస్తులు ధరించండి. వాగు ఒడ్డున ఆరుబయట నిద్రించకండి. పైన వాన పడుతున్నప్పుడు వాగులో దిగకండి.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇంటికి తిరిగివచ్చిన తరువాతి సంగతి. ఫాల్సిపేరం జ్వరం సాధారణంగా ఒకటి రెండు వారాలకు గాని బయటపడదు, నెల వరకు కూడా పట్టవచ్చు. వైవాక్స్ రకమైతే నెలల తరువాత కూడా రావచ్చు. అప్పటికి ప్రయాణం సంగతి మీరే మరచిపోయి ఉంటారు. కాబట్టి జ్వరం వస్తే, వైద్యుడు అడిగినా అడగకపోయినా, "ఫలానా తేదీన అడవి ప్రాంతానికి వెళ్లి రాత్రి అక్కడ పడుకున్నాను" అని మీరే చెప్పండి. మలేరియా రక్తపరీక్ష ఆ రోజే చేయించుకోండి. మొదటి పరీక్షలో లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించుకోండి. నేడు క్వినైన్ సీసాతో రాత్రంతా కూర్చోవలసిన అవసరం చాలావరకు తప్పింది. ఆర్టెమిసినిన్ మిశ్రమ మాత్రలు సకాలంలో పడితే చాలామంది కొద్ది రోజులలోనే కోలుకుంటారు. ఆ సకాలం మీరు చెప్పే ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది.

తెరిచి ఉన్న దుకాణంలో బెల్లం తూచమన్నాను. ఎన్ని కిలోలని అడిగాడు యజమాని. ఇరవై రెండు అన్నాను. నలభై నాలుగులో సగం. డ్రైవరు బుట్ట పట్టగా ఇద్దరమూ మోసుకెళ్లాము. గద్దెల ముందు పది మంది కూడా లేరు. విగ్రహం లేదు. వెదురు, పసుపు, కుంకుమ, కొబ్బరి, ఎవరెవరివో మొక్కుల బెల్లం. బుట్ట దించి, చాలాసేపు నిలబడ్డాను. ప్రసాదంగా శనగగింజంత ముక్క నోట వేసుకున్నాను. నాకు పదిహేనేళ్లుగా మధుమేహం ఉంది.

ఆ యువకుడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. పొద్దు వాలకముందే మేము తిరుగుప్రయాణమయ్యాము.