మేకలు ఏమైనట్లు?

పసిపిల్లలకు అపరాధ పరిశోధన కథ చెప్పడానికి హత్యలూ తుపాకులూ అక్కరలేదు. దొడ్డిలో ఒక మేక తక్కువైతే చాలును.

ఈ సంప్రదాయం మనకు కొత్తది కాదు. ఋగ్వేదం పదవ మండలంలోని 108వ సూక్తం చూడండి. పణులు దాచిన గోవుల జాడ పట్టి, రసానదిని దాటి వెళ్ళినది సరమ. ఆమెను దేవశునకమని సంప్రదాయం చెబుతుంది. పోలీసు జాగిలాలకు ఆవిడే మూలపుటమ్మ అని నేను సరదాకు అంటూంటాను. గ్రీకుల పురాణంలోనైతే, పుట్టిననాటి సాయంత్రమే హెర్మీసు అపోలో ఆవులు ఏభైంటిని వెనుకకు నడిపించి తోలుకుపోతాడు. అడుగుజాడలు చూసినవాడు ఎదురుదిక్కుకు పోవలసిందే!

నాకు మాత్రం భాగవత దశమ స్కంధంలోని వత్సాపహరణమే ప్రియం. బ్రహ్మ లేగలనూ గోపబాలురనూ మాయం చేయగా, కృష్ణుడు తానే ఆ రూపాలన్నీ ధరించి ఏడాది గడుపుతాడు. అనుమానం వచ్చినది బలరామునికి. ఎందువలన? కొత్తగా పుట్టిన దూడలుండగా, పాలు మానిన పెద్ద దూడల కోసం ఆవులు గోవర్ధనగిరి మీదినుండి పరుగున దిగివచ్చాయి. పశువుల నైజం ఎరిగినవానికి మాత్రమే చిక్కే ఆధారమది. పరిశోధకుడుగా బలరామునికి రావలసిన కీర్తి రాలేదని నా అభిమతం.

భద్రాచలం అడవి అంచున ఒక పల్లెబడిలో పనిచేసిన రోజులలో (అప్పటికి అది ఖమ్మం జిల్లా, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) మూడవ తరగతికి ఒక కథ అల్లి చెప్పాను. ఒక తాతకు ఐదు మేకలు. వరుసగా మూడు రోజులు తెల్లవారేసరికి దొడ్డి ఖాళీ. పొద్దెక్కాక అవే తిరిగివస్తాయి. నెత్తురు చుక్క లేదు, మనిషి అడుగు లేదు. వచ్చిన మేకలు మాత్రం మేతకు మూతి పెట్టవు. ఏమైనట్లు?

"పులి" అన్నాడు ఒకడు. పులి తిరిగి అప్పగిస్తుందా అని తక్కినవారు నవ్వారు. ఎవరి చేనులోనో పడితే బందెలదొడ్డిలో పెట్టి ఉంటారన్నాడు ఒక రైతుబిడ్డ. మంచి ఊహే. కాని జరిమానా కట్టనిదే ఎవరు వదులుతారని పక్కవాడు కొట్టివేశాడు.

వెనుక వరుసలో ఒక కోయపిల్ల ఉండేది. ఇంట కోయభాష, బడిలో తెలుగు. నోరు విప్పడం అరుదు. ఫాల్గుణ చైత్రాలలో సగం రోజులు హాజరుపట్టీలో ఆమె గైరుహాజరు. ఆ పిల్ల లేచి నన్నే ప్రశ్నించింది.

"ఏ నెల సారూ?"

నేను అధ్యాపకుడిగా విన్న ప్రశ్నలలో అంతటి ప్రశ్న మరొకటి లేదు. ఎండలు మొదలయ్యే రోజులన్నాను.

"అట్లయితే ఇప్పచెట్టు కింద చూడాలి."

ఇప్పపూవు రాత్రి విచ్చుకొని వేకువకు ముందే నేల రాలుతుంది. తీయని పూవు. మనుషులు గంపలతో వెళ్ళేలోగానే మేకలూ దుప్పులూ ఎలుగుబంట్లూ చేరుతాయి. కడుపు నిండిన మేక మేత ముట్టదు మరి! హాజరుపట్టీలో లేని ఆ రోజులన్నీ తల్లితో కలిసి పూలేరుతూ గడిపినవేనని అప్పుడు తెలిసింది. నా కథకు సమాధానం ఆ చెట్ల కిందనే నేర్చుకున్నది.

మరునాటినుండి తరగతి ఆమెను వదలలేదు. కథ చెప్పమని ఒకటే పోరు. చివరకు, తెలుగూ కోయా కలిపి, తాత మేకలనే కొనసాగించింది. నాలుగవ రోజు ఐదు మేకలు వెళ్ళాయట, ఆరు వచ్చాయట.

తరగతి నిశ్శబ్దం. పులి అన్న పిల్లవాడే చెయ్యెత్తాడు: "దొంగ పొరపాటున ఒకటి ఎక్కువ తోలిండు సారూ!"

ఆ పిల్ల నవ్వు ఆపుకొని, ఇంకొక్క ఆధారం ఇస్తానన్నది.

"ఆరోదానికి ఒళ్ళింకా తడి ఆరలేదు."