గోదారి ఒడ్డున పంజాబీ సత్రం

నాందేడ్ స్టేషన్ బయట ఆటోవాళ్లు ఎక్కడికని అడగరు. "గురుద్వారా?" అంటారు, అంతే. ఈ ఊరికొచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది దిగేది తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్ చుట్టూ ఉన్న యాత్రీ నివాసాల్లోనే. సిక్కుల ఐదు తఖ్త్‌లలో, అంటే మతపీఠాలలో, ఇదొకటి. అమృత్‌సర్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలూ రాత్రీ దాటి ప్రయాణం చేసి వచ్చేవాళ్లకు ఇది దూరదేశం. మనకు పక్క జిల్లా. 1956 దాకా నాందేడ్, నిజామాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే.

గది సాదాసీదాగా ఉంది. రెండు మంచాలు, ఒక ఫ్యాను, గోడకు గురు గోవింద్ సింగ్ పటం. వరండాలో రాత్రంతా ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. ట్రంకు పెట్టెల చప్పుడు, పిల్లల ఏడుపు, పెద్దవాళ్ల పంజాబీ. నిశ్శబ్దంగా పడుకోవాలనుకునేవాళ్లకు ఈ బస నప్పదు. నాకు నచ్చింది. సత్రమన్నాక మనుషుల అలికిడి ఉండాలి.

తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే, ఊళ్లో ఒక పని మొదలవుతుంది. గాగరియా సింగ్ అని పిలిచే సేవకుడు చెప్పుల్లేకుండా గోదావరికి వెళ్లి, బిందెడు నీళ్లు భుజాన పెట్టుకుని వస్తాడు. తఖ్త్‌లో నేలను కడిగేది ఆ నీళ్లతోనే. ఎండాకాలమైనా వానాకాలమైనా ఇది ఆగదట. ఆయన వస్తుంటే దారిలోవాళ్లు పక్కకు తప్పుకుని చేతులు జోడిస్తారు. సాయంత్రం దీపాలతో ఆరతి కూడా ఉంటుంది. పంజాబ్ గురుద్వారాల్లో కనిపించని ఆనవాయితీ ఇది. కొత్తగా వచ్చిన పంజాబీలు వింతగా చూస్తుంటే, తెలుగువాళ్లు అలవాటుగా రెండు చేతులూ హారతికి చాస్తారు.

అసలు చెప్పుకోవలసింది లంగర్ గురించి, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే పంక్తి భోజనం గురించి. నగీనా ఘాట్ దారిలో లంగర్ సాహిబ్ అనే గురుద్వారా ఉంది. బాబా నిధాన్ సింగ్ అనే పూర్వ సైనికుడు దాన్ని నెలకొల్పారు. పంజాబ్ తిరిగి వెళ్లిపోదామని ఆయన నాందేడ్ స్టేషన్‌కు చేరాక గురు గోవింద్ సింగ్ దర్శనమిచ్చి, ఇక్కడే ఉండి వచ్చినవాళ్లకు అన్నం పెట్టమన్నాడని సిక్కులు చెప్పుకుంటారు. ఆయన 1947లో పోయారు. పొయ్యి మాత్రం ఆరలేదు.

లోపలికి వెళ్లి బారుగా పరిచిన చాపల మీద కూర్చోవాలి. స్టీలు కంచం ముందుకొస్తుంది. చిక్కటి పప్పు, ఒక కూర, కాస్త ఖీరు. రొట్టె మాత్రం కంచంలో వేయరు. రెండు అరచేతులూ దోసిలి పట్టాలి. సేవాదార్ వంగి అందులో పెడతాడు. ఒంటిచెయ్యి చాపితే ఆగి, చిరునవ్వుతో రెండో చెయ్యి కూడా పట్టమన్నట్టు చూస్తాడు. రొట్టె చేతిలో పడ్డ ఆ క్షణంలో ఆఫీసరైనా కూలీ అయినా కూర్చున్న తీరు ఒకటే. నేతి వాసన, అంచున కాస్త మాడిన మచ్చ, వేళ్లకు తగిలే వేడి. పక్కన వంటశాలలో తొమ్మిది గజాల చీర గోచీ పోసి కట్టుకున్న మరాఠీ ముసలమ్మా, సల్వారు కమీజులో ఉన్న పంజాబీ కోడలూ ఒకే పీట ముందు కూర్చుని పిండి ఒత్తుతున్నారు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. పిండి ముద్దలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి.

నీలం తలపాగా పెద్దాయన ఒకరు పప్పు బకెట్‌తో నా ముందు ఆగి, "ఏ ఊరు బిడ్డా?" అన్నారు, అచ్చం మన తెలంగాణ మాటతో. హైదరాబాదని చెప్పాను. "మా అత్తగారోళ్లది నిజామాబాదే. ఇంకింత పోస్త, తిను" అని కంచం నింపేశారు.

ఇలాంటి దక్కనీ సిక్కులు ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ల తాతముత్తాతల్లో కొందరు నిజాం కొలువులో పనిచేయడానికి పంజాబ్ నుంచి ఒక సైనిక దళంగా వచ్చారు. నిజాం దివాన్ చందూలాల్ మహారాజా రంజిత్ సింగ్‌ను అడిగి ఆ దళాన్ని తెప్పించుకున్నాడు. హైదరాబాద్ అత్తాపూర్ దగ్గరున్న సిఖ్ ఛావనీ వాళ్లదే. తఖ్త్ కట్టడం కూడా రంజిత్ సింగ్ చలవే, 1832-1837 మధ్య కట్టించాడు.

అంతకు శతాబ్దం పైగా ముందు, 1708లో గురు గోవింద్ సింగ్ ఇక్కడికి వచ్చినప్పుడు మొఘల్ బాదుషా బహదూర్ షా దండు కూడా ఈ దారినే ఉంది. తమ్ముడు కామ్ బక్ష్ మీద యుద్ధానికి అది హైదరాబాద్ వైపు కదులుతోంది. దండు ముందుకు సాగిపోయింది, గురువు గోదావరి ఒడ్డున ఆగారు. ఇక్కడ ఆశ్రమం పెట్టుకున్న మాధోదాస్ అనే బైరాగి ఆయన శిష్యుడై బందా సింగ్‌గా మారి, 1710లో సర్‌హింద్‌ను పట్టుకున్నాడు. గురువు మాత్రం పొడిచిన గాయంతో 1708 అక్టోబరులో ఇక్కడే కన్నుమూశారు. తన తర్వాత గురువు సిక్కుల పవిత్ర గ్రంథమేనని ప్రకటించింది కూడా ఈ ఊళ్లోనే. 2008లో దానికి మూడు వందల ఏళ్లు నిండిన సందర్భంగా రోడ్లు వెడల్పయ్యాయి, కొత్త నివాసాలు లేచాయి. యాత్రికులకు మేలే జరిగింది. పాత సందుల నీడ పోవడం మాత్రం నాకు బాధగానే ఉంది.

ఈ జిల్లాలోనే ఉన్న కంధార్ కోటకు వెళ్దామంటే సత్రంలో ఎవరూ తోడు రాలేదు. గురుద్వారాలు చూసుకుని రైలెక్కేవాళ్లే అంతా. నాందేడ్‌కు నైరుతి దిక్కున రోడ్డు నల్లరేగడి చేల మధ్య సాగుతుంది. పత్తి, సోయా, అక్కడక్కడా జొన్న. దారిలో కనిపించే ముదురు ఎరుపు ఎద్దులు ఈ తాలూకా పేరు పెట్టుకున్న లాల్ కంధారీ జాతివి. లోహా దగ్గరి మాళేగావ్‌లో మార్గశిరంలో జరిగే ఖండోబా జాతరకు పశువులు బారులు తీరతాయి. ఆ ఖండోబా మన మల్లన్నే.

కొండ లేని చోట, చదునైన నేల మీద కట్టిన కోట కంధార్‌ది. చుట్టూ నీళ్ల కందకమే దానికి రక్ష. రాష్ట్రకూట మూడో కృష్ణుడి పేరుతో ముడిపడిన ఊరిది. పదో శతాబ్దంలో మన వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకే సామంతులు. అంటే పంపకవిని పోషించిన అరికేసరి కప్పం కట్టింది ఈ వంశానికే. తర్వాత వచ్చిన సుల్తానులు బురుజులు కట్టారు, ఫారసీ శాసనాలు చెక్కించారు. కందకం నీటి మీద పచ్చటి నాచు, లోపలి గోడ రాతిలో ఎవరిదో పాత గుడి చెక్కడం, దానికి ఆనుకుని పిచ్చి తుమ్మ. గేటు దగ్గర కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. ఇంత కోటకు ఈ ఒంటరితనం అన్యాయం. లంగర్‌లో ఒక్క పంక్తిలో కూర్చునేవాళ్లలో పదోవంతు వచ్చినా ఊరికి రెండు మంచి టీ కొట్లు పుడతాయి. ఆ మధ్యాహ్నం దొరికిన జొన్నరొట్టె, పిఠ్లా, పచ్చిమిర్చి ఠేచా మాత్రం ఏ కోటకూ తీసిపోవు.

పైన్‌గంగ మీది సహస్రకుండ్ జలపాతం, దెగ్లూర్ పక్కన హొట్టల్‌లోని చాళుక్యుల కాలపు సిద్ధేశ్వరాలయం చూసేసరికి మిగతా రోజులు అయిపోయాయి. దెగ్లూర్ బజారులో బేరమంతా తెలుగులోనే.

తిరుగుదారి ధర్మాబాద్ మీదుగా. ఆ తాలూకాలోనే గోదావరి మీది బాభళి బ్యారేజీ. దీని మీద మహారాష్ట్ర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి, 2010లో అక్కడికి బయల్దేరిన చంద్రబాబు నాయుడిని మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. చివరికి 2013లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. నేను చూసినప్పుడు గేట్లు ఎత్తే ఉన్నాయి. గాగరియా సింగ్ పొద్దున బిందె ముంచిన నదే, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకోవడానికి ఎర్రటి నీళ్లతో పోతోంది.