హొగేనకల్‌కు మళ్ళీ పోయొస్తిమి

"మళ్ళీ హొగేనకల్‌కేనా?" అని మా లైన్ ఇళ్ళలో నవ్వుతారు. నవ్వనీ. ఆడి పద్దెనిమిదికి ఒకసారి, పొంగల్ లీవులో ఒకసారి, కుప్పం నుంచి చుట్టాలొస్తే ఇంకోసారి. పోయేది అదే దారి, తినేది అదే చేపల వేపుడు. ధర్మపురి నుంచి నలభై ఆరు కిలోమీటర్లు ఉంటుందేమో. మొదట్లో బస్సులో పోయేవాళ్ళం, తర్వాత టీవీఎస్ ఎక్సెల్ మీద ముందొకరు వెనకొకరు, ఇప్పుడు నాలుగిళ్ళోళ్ళం కలిసి వ్యాను మాట్లాడుకుంటాము. ఇన్నిసార్లు పోయినా ఆ దారి నాకు విసుగు పుట్టలేదు. ఈసారి పోయొచ్చినాక మాత్రం మన పత్రికకు రాయాలనిపించింది. కారణం కడపట చెప్తాను.

మొన్న పొంగల్ లీవుకు ముందు రాత్రి షిఫ్టు దిగి, తల్లో దూది పింజలు ఇంకా ఉండగానే వ్యాను ఎక్కితిని. సోగత్తూరులో ఆడోళ్ళు అప్పటికే పులిహోర, పెరుగన్నం, రెండు క్యాన్ల నీళ్ళు సర్దిపెట్టినారు. ఆ రెండు క్యాన్లని గుర్తు పెట్టుకోండి.

పెన్నాగరం రోడ్డు పట్టుకొని ఇండూరు దాటితే గాలి మారుతుంది. జనవరిలో ఈ దారి చూడాలి. రాగి కోసేసిన కయ్యలు, మల్బరీ తోటలు, రోడ్డు పక్క చింతచెట్ల నిండా కాయలు, గోనె సంచుల మీద పోసి అమ్మే అనపకాయలు. వ్యాను ఆపకుండా పోతే మా అమ్మ ఊరుకోదు. రెండు కిలోలు కొని, దారి పొడవునా ఒలుస్తానే ఉంటుంది. సాయంత్రం ఇంటికి చేరేసరికి పులుసుకు గింజలు తయారు.

ఒక్కోసారి పాప్పారపట్టి మీదుగా తిప్పమంటాను. కొంచెం చుట్టే, డ్రైవరన్న గొణుగుతాడు. అక్కడ సుబ్రమణ్య శివ సమాధి ఉంది. వ.ఉ. చిదంబరం పిళ్ళైతో కలిసి వెళ్ళదారుల మీద పోరాడిన మనిషి. జైల్లో కుష్ఠు తగిలింది. ఆ జబ్బు పేరు చెప్పి తెల్లదొరలు ఆయన్ని రైలెక్కనియ్యలేదు. ఎక్కకుంటే ఏమని నడిచి తిరిగినాడు. భారతమాతకు గుడి కట్టాలని చూసి, అది తీరకుండానే 1925లో పాప్పారపట్టిలోనే కన్ను మూసినాడు. ఏసీ లేదని వ్యానులో సణిగే పిల్లలకు నేను ఆ కతే చెప్తాను. సగం వింటారు, సగం సెల్లు చూస్తారు.

ఇంకో మనిషి కత మన తెలుగోళ్ళకు తెలిసిందే, కానీ అది ఈ ధర్మపురిలో మొదలైందని శానామందికి తెలీదు. 1792లో టిప్పు సుల్తాను ఓడిపోయి ఈ బారామహల్ సీమను కుంపెనీకి ఇచ్చేసినాడు. దీని వ్యవహారం చూడను కెప్టెన్ రీడ్‌ని, ఆయన కింద థామస్ మన్రోని పంపినారు. మన్రో 1799 దాకా ఏడేండ్లు ఈ పక్కనే. ధర్మపురిలో కాపురముండి తోట వేసుకున్నాడు, ఊరూరా తిరిగి చేను చేనూ కొలిపించి రైతుతోనే నేరుగా లెక్క కట్టే పద్ధతి ఇక్కడే నేర్చినాడు. పన్ను తేలికేమీ కాదులెండి. తర్వాత దత్తమండలాలకు కలెక్టరై, మద్రాసుకు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో చచ్చిపోయినాడు. రాయలసీమలో ఇప్పటికీ మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నోళ్ళు ఉన్నారు. అంత పెద్ద దొరని చంపింది కూడా చెడ్డ నీళ్ళే.

పెన్నాగరం దాటినాక అడివి. రోడ్డు మెలికలు తిరిగి కిందికి దిగుతుంది, ఏనుగులున్నాయి జాగ్రత్త అని బోర్డులు, గోడల మీద కోతులు. దిగే కొద్దీ చలి తగ్గి ఉక్కగా ఉంటుంది. కావేరిని చూసేకంటే ముందు దాని మోత వినిపిస్తుంది. కన్నడంలో హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. మన పొగే వాళ్ళ హొగె. నీళ్ళు బండల మీద పడి లేచే తుంపర పొగ మాదిరే ఉంటుంది. నది కావలికి కర్ణాటక, ఈవలికి మనం.

వెదురుతో అల్లిన పరిసల్లో ఎక్కితే బండల సందుల్లోకి తిప్పుతారు. పుట్టి అంటే మా పిల్లలకు తెలీదు, పరిసల్ అంటేనే తెలుసు. నీళ్ళు తక్కువుంటేనే ఆ సవారీ. 2018 ఆగస్టులో లక్ష క్యూసెక్కులు దాటి వస్తుంటే దగ్గరికే పోనియ్యలేదు. దూరంగా నిలబడి ఎర్రటి నీళ్ళు చూసి, ఉత్త చేతులతో తిరిగొస్తిమి. ఇదంతా కింద మెట్టూరు డ్యాముకు పోతుంది. ఈసారి మటుకు జనవరి కదా, నీళ్ళు తేటగా, పరిసల్ తిరుగుతానే ఉండె.

నేను ఫోటోలు తీసే చోటు ఒకటుంది. జలపాతం కనిపించే కమ్మీల దగ్గర. ప్రతిసారీ పిల్లలిద్దరినీ అక్కడే నిలబెట్టి తీస్తాను. ఇంట్లో ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. నాలుగైదేండ్లప్పుడు పెద్దది నోరంతా తెరిచి నవ్వుతుంది. పాలపండ్లు పోయి అసలు పండ్లు వచ్చినాక ప్రతి ఫోటోలోనూ దాని చెయ్యి నోటికి అడ్డం. చిన్నోడు మాత్రం ఇప్పటికీ ఇరవై ఎనిమిది పండ్లూ చూపిస్తాడు.

పెద్దది పుట్టింది 2005లో, వాడు పుట్టింది 2012లో. మధ్యలో మారింది నీళ్ళు.

మన ధర్మపురి, కృష్ణగిరి పక్క భూమి లోపలున్న రాతిలో ఫ్లోరైడు ఉంది. బావుల్లో నీళ్ళు అడుగంటి బోర్లు లోతుకు పోయే కొద్దీ అది ఎక్కువగా వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగకూడదని లెక్క. దానికి రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పిల్లోళ్ళకు చిగురు లోపల అసలు పండ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేండ్ల లోపల, ఆ నీళ్ళు తాగితే పండ్ల మీద పసుపు మచ్చలు, గోధుమ చారలు పడతాయి. ఎంత తోమినా పోవు. ఏండ్ల తరబడి తాగితే ఎముకలకు పడుతుంది. మా అమ్మ మోకాళ్ళు వంగక నేల మీద కూర్చోలేక పోవడానికి వయసే కారణమని శానా రోజులు అనుకొంటిమి. మన తెలుగు నేలకూ ఇది కొత్త కాదు. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెల్లో డాక్టర్లు దీన్ని పట్టి రాసినారు. నల్లగొండ కష్టం అందరికీ తెలిసిందే.

మాకు విరుగుడు ఈ హొగేనకల్ నుంచే వచ్చింది. కావేరి నీళ్ళు శుద్ధి చేసి, కొండ మీదికి పంపు చేసి, పైపుల్లో రెండు జిల్లాలకూ పంపే పథకం. 2008లో పునాది రాయి వేస్తే కర్ణాటకలో గొడవలు లేచినాయి, కొన్నాళ్ళు ఆగింది. జపాన్ అప్పుతో, సుమారు 1,928 కోట్ల ఖర్చుతో, 2013లో తెరిచినారు. అంటే మనం వ్యానులో దిగే దారిలోనే ఆ నీళ్ళు మనకు ఎదురు వస్తున్నాయి. అది తెలిసినాక ఈ దారి మీద నాకు ఆశ ఇంకా పెరిగింది. దిగేటప్పుడు ఘాట్‌లో మునుపు అడివినే చూసేవాణ్ణి, ఇప్పుడు పైపు ఏ పక్క పోతుందా అని కూడా చూస్తాను.

ఇప్పుడు క్యాన్ల సంగతి. ఒకదాంట్లో హొగేనకల్ నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు నీళ్ళు. మా లైన్లలో కుళాయి రోజూ రాదు. వచ్చిన రోజు పట్టుకున్నది తాగడానికి దాస్తారు, వంటకు బోరే. కమ్మీల దగ్గర అన్నాలు తింటుంటే పక్కింటత్త మనవరాలికి, పది నెలల పాప, రాగిపిండి జావ కలపను బోరు క్యాను మూత తీసింది. "తాగే నీళ్ళు మనకు సాలవు, జావే కదా, ఉడికిందే కదా" అనింది. నేను నోరు తెరిచేలోపే మా పెద్దది లేచింది.

"అత్తా, పాపకు ఆ నీళ్ళొద్దు. ఉడికినా పోదు. నా పండ్లు చూడు" అని చెయ్యి తీసి, పెదవి ఎత్తి చూపించింది. ఇరవై ఏండ్ల పిల్ల, కాలేజీలో కూడా చెయ్యి అడ్డం పెట్టుకొనే మాట్లాడుతుంది. అంతమంది ముందర చూపించింది. అత్త ఏమీ అనలేదు. కాసేపు దాని మొగమే చూసి, క్యాను మూత పెట్టేసి, ఇంకో క్యాను దగ్గరికి జరుపుకొనింది. మా అమ్మ అనపకాయలు ఒలవడం ఆపేసింది.

"జావకు, పప్పుకు, పాలల్లో కలిపేదానికి, అన్నిటికీ ఈ నీళ్ళే పొయ్యి. మాకు సాలకపోతే మేము చూసుకుంటాము" అనింది మా ఆవిడ. మిగిలినోళ్ళు కూడా సరే అనిరి.

తిరిగి వచ్చేటప్పుడు ఫోటో తియ్యమని పెద్దది అడగలేదు, నేనూ తియ్యలేదు. పెన్నాగరంలో టీ తాగి, చీకటి పడేసరికి సోగత్తూరు చేరితిమి. ఆ రాత్రే కుళాయి వచ్చింది. లైను పొడవునా బిందెలు. పక్కింటత్త బిందె అందరికంటే ముందు పెట్టనిచ్చినారు. పాప ఉంది కదా, మీ లైన్లలోనూ అట్లనే పెట్టుకోండి. అనపగింజల పులుసు పన్నెండు గంటలకు తింటిమి.