దండ ఆరింది, కరెంటు ఆరలేదు

ఉదయగిరిలో దుర్గం కొండ కింద మా వీధి. వినాయక చవితి వస్తే పందిరికి సీరియల్ సెట్ కట్టే డ్యూటీ నాదే. టెన్త్‌లో ఉన్నప్పుడు, మూడో రోజు రాత్రి భజన మధ్యలో దండ మొత్తం ఆరిపోయింది. అందరూ నావైపే చూశారు.

ఎక్కడో ఒక బల్బు పోయుంటుంది, దాన్ని పీకేసి తీగలు కలిపేస్తే సరి అనుకున్నా. స్టూలెక్కి మాడిన బల్బు తీసి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకున్నా. ప్లగ్గు తీయలేదు. వెలగని దండలో కరెంటు యాడుంటుందిలే అని ధీమా.

స్టూలు మీంచి పడబట్టి తీగలు చేతుల్లోంచి జారాయి. లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

మావయ్య ఎలక్ట్రీషియన్. ముందు ప్లగ్గు పీకాడు, తర్వాత తిట్టాడు. మర్నాడు ఇంటికి పిలిచి 100 వాట్ల బల్బు, 40 వాట్ల బల్బు సీరీస్‌లో కలిపాడు. "ఏది బాగా వెలుగుద్ది అబ్బయా?" అన్నాడు. వందది అన్నా. స్విచ్ వేస్తే వెలిగింది నలభైది! వంద వాట్ల బల్బులో ఫిలమెంటు కాస్త ఎర్రబడిందంతే.

సీరీస్‌లో అన్నిటి గుండా పారేది ఒకే కరెంటు. 230 వోల్టుల్ని బల్బులు పంచుకోవాలి. రెసిస్టెన్స్ ఎక్కువున్నదానికి వాటా ఎక్కువ. 40 వాట్ల ఫిలమెంటుకే రెసిస్టెన్స్ ఎక్కువ.

తర్వాత వంద బల్బు తీసేశాడు. రెండోదీ ఆరిపోయింది. ఖాళీ హోల్డర్‌లో మీటర్ పెడితే దాదాపు 230 చూపించింది!

"కరెంటు పారకపోతే మిగతా బల్బులు వాటా తీసుకోవురా. వోల్టేజీ మొత్తం తెగిన చోటికే వస్తుంది. రాత్రి నువ్వు చేతులు పెట్టింది అక్కడే."

నా తీగలు కలిపే ఐడియా కూడా తప్పేనట. 6 వోల్టుల బల్బులు 38 ఉంటే లెక్క సరిపోతుంది. మాడినవాటిని తీసేసుకుంటూ 30కి తెస్తే ఒక్కోదానికి ఏడున్నర దాటుతుంది. ఇక వరసగా మాడతాయి.

ఇంట్లో వైరింగ్ పారలల్. ప్రతి బల్బుకీ నేరుగా 230 అందుతుంది. వంటింట్లో బల్బు పోయినా హాల్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అదే సీరీస్ అయితే ఒకటి పోతే ఇల్లంతా చీకటే.

ఇప్పుడు ఎల్‌ఈడీ దండలొచ్చాయి. ప్లగ్గుకి నేరుగా పెట్టేవాటిలో చాలావరకు లోపల ఇదే సీరీస్. అందుకే మీ పందిట్లో దండ ఆరితే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదు. ఆ స్విచ్ న్యూట్రల్ వైపు వేసుంటే, ఆపినా తీగలో ఫేజ్ అలాగే ఉంటుంది. భజన రెండు నిమిషాలు చీకట్లో సాగినా ఏం కాదు.