అక్క ఫెయిల్ కాలేదు, ఒక్క సబ్జెక్టు మిగిలింది

ఆ రోజు తప్పు చేసింది నేనే. బెంగళూరులో ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫలితాలు ఫోన్లో తెరిచా. అక్క హాల్ టికెట్ నంబర్ కొట్టా. తెలుగు 68, ఇంగ్లిష్ 37, సోషల్ 61, సైన్స్ 46, లెక్కలు 29. గబగబా కూడేశా. 500కి 241. అంటే 48 శాతం పైనే! వెంటనే ఫోన్ చేసి, ‘అక్కా, పాసైపోయావ్’ అని అరిచా.

మార్కాపురంలో అప్పటికప్పుడు అరకేజీ మైసూర్‌పాక్ తెప్పించి వీధంతా పంచారు. పావుగంట తర్వాత నేను మళ్లీ స్క్రీన్ చూశా. లెక్కల పక్కన ఫెయిల్ అని ఉంది. మళ్లీ ఫోన్ చేయడానికి నాకు గంట పట్టింది.

ఆమె మా పెదనాన్న కూతురు. 2007లో రెగ్యులర్‌గా పదో తరగతి రాస్తే లెక్కల్లో పోయింది. సప్లిమెంటరీ రాస్తానంది. ‘ఆడపిల్లకి ఇంక చదువెందుకు’ అన్నారు ఇంట్లో. మా ఊరికి పేరు తెచ్చిందే పలకలు కదా, ఆమె కూడా పలకల ఫ్యాక్టరీలో పనికి వెళ్లింది. బడి పిల్లలు రాసుకునే పలకలకు చెక్క ఫ్రేములు బిగించేది. తర్వాత గిద్దలూరు వైపు పెళ్లి, ఇద్దరు పిల్లలు, కొన్నాళ్లకు మళ్లీ మార్కాపురం. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయా. టీచర్ కావాలంటే పది పాస్ కావాలి. అందుకే పిల్లలు పడుకున్నాక పుస్తకం తీసింది.

ఇంతకీ నేను పొరబడింది ఎక్కడ? ఓపెన్ స్కూల్లో పాస్ అంటే మొత్తం మార్కులు చూడరు. ప్రతి సబ్జెక్టులోనూ వందకు 35 రావాలి. తెలుగులో 68 వచ్చిందని అందులోంచి ఆరు తీసి లెక్కల్లో వేయరు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే అది కూడిక కాదు, ‘అండ్’ కండిషన్. ఐదూ నిజమైతేనే ఫలితం నిజం. రోజూ ఇలాంటి కండిషన్లు రాసే నేను మా అక్క మార్కుల దగ్గర చిన్నపిల్లాడిలా సగటు లెక్కేశా.

కానీ అదే రూల్‌కి రెండో వైపు ఉంది. అది అక్కకే ముందు తెలుసు.

‘అక్కా, సారీ. లెక్కల్లో పోయింది’ అన్నా గొంతు పెగల్చుకుని.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘మిగతా నాలుగూ పోలేదు కదరా?’ అంది.

‘పోలేదు.’

‘అయితే ఇంకొకటే కదా ఉండేది. స్వీట్లు పంచేశాం, ఇంక పాస్ కాకపోతే ఊరుకోరు’ అని నవ్వింది.

నిజంగానే అంతే. ఓపెన్ స్కూల్లో పాసైన సబ్జెక్టులు పాసైనట్టే ఉంటాయి. అడ్మిషన్ గడువు ఉన్నంతవరకు మిగిలింది మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. ఢిల్లీ కేంద్రంగా 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్‌ఐఓఎస్‌లో ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు. అక్కడ పాస్ మార్కు 33. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ 1991లో వచ్చింది. అమెరికాలో స్కూల్ మధ్యలో మానేసినవాళ్లు రాసే జీఈడీ కూడా ఇలాంటిదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో సైనికుల కోసం మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదానికీ 100 నుంచి 200 వరకు స్కోరు, పాస్ కావాలంటే 145. ఆ 145ని చూసి 72 శాతం అనుకుంటే నాలాగే పొరబడినట్టు. అది వచ్చిన మార్కుల్ని ఒక స్కేలు మీదికి మార్చిన అంకె, శాతం కాదు. అక్కడా సగటుతో గట్టెక్కడం కుదరదు. ఏ సబ్జెక్టు పోతే అదే మళ్లీ రాయాలి.

ఇదంతా మన బీటెక్ వాళ్లకి కొత్తేమీ కాదు. బ్యాక్‌లాగ్ అంటాం. నాకు రెండో సంవత్సరంలో ఎం-3 ఉండిపోయింది. తర్వాత సప్లీలో కొట్టేశా. ఆ ఆర్నెల్లు నన్నెవరూ ‘ఇంజినీరింగ్ ఫెయిల్’ అనలేదు. ‘ఒక సబ్జెక్టు ఉందిలే, రాస్తాడు’ అన్నారు. అక్కకు కూడా పోయింది ఒక్క లెక్కలే. ఆమెను మాత్రం పదిహేనేళ్లకు పైగా ‘టెన్త్ ఫెయిల్’ అన్నారు. నేను కూడా అన్నాను, ఫ్రెండ్స్‌కి పరిచయం చేసేటప్పుడు. మార్కుల కాగితం సబ్జెక్టుకో లైన్ రాస్తే, మనం మనిషి మొత్తానికి ఒకే మాట రాసేశాం.

ఆ దసరాకి ఇంటికెళ్లి అక్కతో కూర్చున్నా. లెక్కలు వద్దనుకుంటే వేరే సబ్జెక్టుకు మారే వీలుందేమో కనుక్కుందామన్నా. ‘వద్దురా. నన్ను ఆపింది అదే. దాన్ని దాటే పోతా’ అంది. సరే, 29కి ఇంకెంత కావాలి? ఆరు. సబ్జెక్టు మొత్తం రానక్కర్లేదు, ఇంకో రెండు మూడు లెక్కలు తప్పు లేకుండా వస్తే చాలు. నేను ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్ చేశా, ఏ చాప్టర్‌కి ఎన్ని రోజులని. అక్క దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టింది. వాళ్ల చిన్నోడి పలక తెచ్చుకుని శాతాలు, వడ్డీ లెక్కలు మొదలుపెట్టింది. చీటీపాటల పుణ్యమా అని వడ్డీ లెక్క నాకన్నా వేగంగా చేసింది. బీజగణితం దగ్గరే చిక్కు. అది రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి వీడియో కాల్‌లో చేశాం.

తర్వాతి పరీక్షలో లెక్కల్లో 36 వచ్చాయి. ఈసారి నేను కూడలేదు. ఆ ఒక్క లైన్ మూడుసార్లు చూసుకుని అప్పుడు ఫోన్ చేశా.

టీచర్ పోస్టు ఇంకా రాలేదు. ఖాళీ పడాలి, నోటిఫికేషన్ రావాలి. కానీ అప్లికేషన్‌లో విద్యార్హత దగ్గర ఇప్పుడు అక్క చెయ్యి ఆగదు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలా ‘టెన్త్ ఫెయిల్’ అనిపించుకున్న అక్కో, పిన్నో, బాబాయో ఉంటే ఒక పని చేయండి. ఏయే సబ్జెక్టు పోయిందో అడగండి. పాత మెమో ఉంటే పారేయొద్దు. అందులో పాసైన వాటి మార్కులు ఓపెన్ స్కూల్‌కి బదిలీ అయ్యే అవకాశం ఉందేమో, షరతులేమిటో ప్రాస్పెక్టస్‌లో చూసిపెట్టండి. మా అక్క మెమో ఇల్లు మారినప్పుడు పోయింది, అందుకే ఐదూ మళ్లీ రాయాల్సి వచ్చింది. ఇక ఫలితాలు వచ్చినరోజు టోటల్ చూసి మాత్రం స్వీట్లు పంచకండి. మైసూర్‌పాక్ డబ్బులు అక్క ఇప్పటికీ నన్నే అడుగుతోంది.