ఎరుపంటే నెత్తురేనా?

చెవి ఇన్ఫెక్షన్‌తో రెండు రాత్రులు ఇల్లు పీకి పందిరేసిన పది నెలల బాబు, మందు మొదలెట్టిన మూడోరోజుకి కుదుటపడ్డాడు. జ్వరం లేదు. పాలు తాగుతున్నాడు, ఆడుకుంటున్నాడు. అంతా బాగుందనుకుంటూ డైపర్ విప్పిన తల్లి గుండె ఝల్లుమంది. విరేచనం ఎర్రగా, ఇటుక రంగులో ఉంది!

"అమ్మా, ఒకసారి ఇలా రా!"

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన అమ్మమ్మ చూడగానే తేల్చేసింది.

"నెత్తురు విరేచనాలే! వేడి చేసింది. ముందు ఆ మందు ఆపెయ్యవే. సగ్గుబియ్యం జావ కాచిస్తా."

విజయవాడ ఎండల్లో 'వేడి చేసింది' అన్నాక ఇంక తిరుగుండదు. కానీ మందు ఆపితే చెవిపోటు తిరగబెడుతుందేమో! వేస్తే పేగులకేమవుతుందో! సాయంత్రం డోసుకి రెండు గంటలే ఉంది. ఆ తల్లి ఓ తెలివైన పని చేసింది. మందు సీసా, బాబుకి రోజూ వేసే చుక్కల మందు, చివరికి ఆ డైపర్ కూడా ఓ కవర్లో చుట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. సిగ్గుపడాల్సిందేం లేదు. ఇలాంటప్పుడు ఎంత వర్ణించి చెప్పినా చూపించినంత కాదు.

డాక్టరు బాబు పొట్ట నొక్కి చూశారు. సీసాలూ చూశారు. ఒకటి సెఫ్‌డినిర్, రెండోది ఐరన్ చుక్కలు. సంగతి అర్థమైపోయింది. అయినా అనుమానం మిగలకూడదని మలపరీక్ష చేయించారు. రక్తం జాడే లేదు!

సెఫ్‌డినిర్ కొత్త మందేం కాదు, అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. పేగుల్లో అది ఇనుముతో కలిస్తే ఒంటికి పట్టని ఎర్రటి పదార్థం తయారై మలంతో బయటికొచ్చేస్తుంది. ఇనుము కలిపిన డబ్బాపాలు తాగే పిల్లల్లోనూ ఇలా జరగొచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారినట్టే ఇదీనూ. రంగుతో హాని లేదు. అసలు చిక్కల్లా ఐరన్ మందు పక్కనే పడితే యాంటీబయాటిక్ ఒంటికి సరిగా అందకపోవడం. అందుకే రెండింటికీ కనీసం 2 గంటల ఎడం ఉండాలి. డబ్బాపాలు మానక్కర్లేదు.

చుక్కల మందు సంగతి మొదటిరోజు ఇంట్లోవాళ్లు చెప్పలేదు, డాక్టరూ అడగలేదు. అర నిమిషం మాట! కిటకిటలాడే క్లినిక్కుల్లో ఆ అర నిమిషమే దొరకదు. ఆ సాయంత్రం డోసు వేళకే పడింది. కోర్సు పూర్తయ్యాక రంగూ మామూలైంది.

అలాగని ప్రతి ఎరుపూ మందు రంగేనని ఊరుకోవడానికి లేదు. యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడు పేగులు వాచి నిజంగానే రక్తం పడే పిల్లలూ ఉంటారు. జ్వరం, జిగట, కడుపునొప్పితో మెలికలు తిరగడం, పాలు ముట్టకుండా సోలిపోవడం... వీటిలో ఏది తోడైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దద్దుర్లతోపాటు పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా అది ఇంకా తొందర. ఇంకో డోసు వెయ్యకుండా, తెల్లారేదాకా చూడకుండా బయల్దేరాల్సిందే.